ఇద్దరి ఆట

క్రీడలలో రహస్యానికి విలువ ఎక్కువ అని సాధారణంగా అనుకుంటారు. ప్రత్యర్థి ఊహకందని ఎత్తుగడతో గెలిచిన జట్ల గురించే పదిమందీ కథలుగా చెప్పుకుంటారు. అయితే అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీకి చెందిన యూటా జాజ్ అనే బాస్కెట్‌బాల్ జట్టు 1985 నుండి 2003 వరకు, అనగా పద్దెనిమిది సీజన్ల పాటు, ఒకే ఒక ఎత్తుగడను ప్రధానంగా నమ్ముకొని ఆడింది. జాన్ స్టాక్టన్ బంతిని నడుపుకొంటూ వస్తాడనీ, కార్ల్ మలోన్ వచ్చి పక్కన అడ్డుగా నిలుస్తాడనీ, ఆ తరువాత ఇద్దరిలో ఎవరో ఒకరు బంతిని బుట్టలో వేస్తారనీ ప్రత్యర్థి శిక్షకునికి తెలుసు. గ్యాలరీలో కూర్చున్న ప్రేక్షకునికి కూడా తెలుసు. తెలిసినా ఆపడం కష్టమయ్యేది. ఎందుకు కష్టమయ్యేదో అర్థం చేసుకుంటే బాస్కెట్‌బాల్‌లో నేడు అత్యధికంగా వాడుకలో ఉన్న ఎత్తుగడ స్వరూపం బోధపడుతుంది. దానిని క్రీడాకారులకు ఏ వరుసలో, ఏయే ముక్కలుగా నేర్పాలో కూడా తెలిసివస్తుంది.

బాస్కెట్‌బాల్ పుట్టుకలోనే ఈ ఎత్తుగడకు బీజం ఉంది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడుకోదగిన ఆటను రూపొందించారు. పీచ్ పండ్లు నింపే రెండు బుట్టలను ఎత్తున మేకులు కొట్టి బిగించి, జట్టుకు తొమ్మిదిమంది చొప్పున ఆడించారు. ఆయన రాసిన 13 నియమాలలో ఒకటి ఆట స్వభావాన్ని శాశ్వతంగా నిర్ణయించింది. బంతిని పట్టుకొన్నవాడు దానితో పరుగెత్తరాదు. పట్టుకొన్న చోటినుండే విసరాలి. బంతిని నేలకు కొడుతూ ముందుకు సాగే డ్రిబుల్ తరువాతి కాలంలో వచ్చి చేరింది. అందుచేత ఈ ఆటలో బంతి ఎవరి చేతిలో ఉంటే వాడికే స్వేచ్ఛ తక్కువ. బంతి లేని మిగిలిన నలుగురి కాళ్లకు ఏ సంకెళ్లూ లేవు. చేతిలో బంతి ఉన్నవాడికి, బంతి లేనివాడు తన కదలికతో సాయపడడమే ఈ ఎత్తుగడకు ప్రాణం.

ఇంతకూ ఆ సాయం ఎటువంటిది? బంతి నడిపేవాడిని ఒక డిఫెండర్ ఎదుట నిలిచి కాస్తుంటాడు. బంతి నడిపేవాడి సహచరుడొకడు పరుగున వచ్చి ఆ డిఫెండరుకు పక్కగా స్తంభంలా నిలబడతాడు. బంతి నడిపేవాడు ఆ స్తంభాన్ని భుజం రాసుకొనేంత దగ్గరగా దాటిపోతాడు. వెంటపడబోయిన డిఫెండరుకు స్తంభం అడ్డుతగులుతుంది. ఇలా అడ్డుగా నిలవడాన్ని ‘స్క్రీన్’ అంటారు, తెర అన్నమాట. బంతి ఉన్నవాడి కోసమే వేసే తెర కనుక దీనికి ‘బాల్ స్క్రీన్’ అని పేరు. తెర వేసినవాడు అక్కడే నిలిచిపోక వెనువెంటనే తిరిగి బుట్టవైపు పరుగుతీస్తే అది ‘పిక్ అండ్ రోల్’ అవుతుంది. బుట్టవైపు పోకుండా దూరంగా జరిగి అక్కడినుండి షాట్ కొట్టడానికి సిద్ధపడితే ‘పిక్ అండ్ పాప్’ అవుతుంది.

మహాభారతం చదివినవారికి ఈ సందర్భంలో శిఖండి స్ఫురించవచ్చు. పదవనాటి యుద్ధంలో అర్జునుడు శిఖండిని ముందుంచుకొనే భీష్మునిపై బాణాలు వేశాడు. పోలిక కొంతదూరమే నడుస్తుంది. అక్కడ భీష్ముని ఆపినది ఆయన పట్టిన నియమం. ఇక్కడ డిఫెండరును ఆపేది ఎదుటివాడి దేహం.

దేహంతో అడ్డుకోవడం అనగానే తోపులాట అని భ్రమపడరాదు. దీనికి నియమాలు కచ్చితంగా ఉన్నాయి. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య నియమావళి ప్రకారం తెర వేసేవాడు తాకిడి జరిగే క్షణంలో కదలకుండా ఉండాలి; రెండు పాదాలూ నేలమీద ఉండాలి; చేతులు, మోచేతులు, మోకాళ్లు తన శరీరం ఆక్రమించిన చోటిని దాటి బయటికి చాచరాదు. నిలిచి ఉన్న డిఫెండరుకు కనిపించకుండా వెనుకనుండి తెర వేస్తే, అతడు ఒక మామూలు అడుగు వేయగలిగినంత ఎడం వదలాలి. కదులుతున్న డిఫెండరయితే ఆగడానికో దారి మార్చుకోవడానికో వీలుగా ఒకటి నుండి రెండు అడుగుల దూరం ఇవ్వాలి. ఈ నియమాలను మీరితే ఫౌల్. కాలేజీ మైదానాలలో ఈ ఫౌల్ తరచుగా వినిపిస్తుంది. దానికి అసలు కారకుడు చాలాసార్లు తెర వేసినవాడు కాడు. అతడు వచ్చి కుదురుకోకముందే బంతి నడిపేవాడు తొందరపడి కదులుతాడు. తెర వేసేవాడు సర్దుకోబోయి అర అడుగు జరుగుతాడు. విజిల్ మోగుతుంది. తొందరపాటు ఒకరిది, ఫౌల్ పడేది మరొకరి ఖాతాలో. ఈ ఎత్తుగడ నేర్పే శిక్షకుడు మొట్టమొదట నేర్పవలసినది అందువల్లనే వేగం కాదు, నిరీక్షణ.

తెర సరిగా పడిందనుకుందాం. ఆ క్షణంలో నలుగురికి పనిపడుతుంది: బంతి నడిపేవాడు, తెర వేసినవాడు, వారిద్దరినీ కాస్తున్న ఇద్దరు డిఫెండర్లు. దాడి చేసేవారు ఇద్దరూ ముందుగానే తమలో తాము అనుకొని ఉన్నారు. డిఫెండర్లు ఇద్దరూ మాత్రం అరక్షణంలో ఒకే నిర్ణయానికి రావాలి. ఇద్దరూ వేర్వేరు నిర్ణయాలు తీసుకొన్నారా, ఆటలో తలుపు తెరుచుకొన్నట్లే. ఒకే నిర్ణయం తీసుకొన్నా చిక్కు తీరదు. ఏ నిర్ణయానికైనా దాడి చేసేవారివద్ద ఒక జవాబు ఉంటుంది.

బంతి నడిపేవాడిని కాస్తున్న డిఫెండర్, తెరకూ అతనికీ నడుమ ఉన్న సందులోంచి దూరి వెంటపడ్డాడనుకోండి. అప్పటికే అతడు ఒక అడుగు వెనుకబడి ఉంటాడు. బంతి నడిపేవాడు అతణ్ణి తన వీపుమీద మోస్తున్నట్లుగా ముందుకు సాగుతాడు. ఇక ఎదుట మిగిలింది తెర వేసినవాడిని కాస్తున్న పొడగరి డిఫెండర్ ఒక్కడే. అతడు బంతికి ఎదురువస్తే బంతి రోల్ అవుతున్నవాడికి పోతుంది. రోల్ అవుతున్నవాడితో వెనక్కి పోతే బంతి నడిపేవాడే షాట్ కొడతాడు. ఒక్కడు ఇద్దరిని కాయవలసి రావడం ఎంతటి నిపుణుడికైనా సంకటమే.

అలా దూరకుండా, తెర వెనుకనుండి, అనగా బుట్ట ఉన్న వైపునుండి చుట్టివచ్చి బంతి నడిపేవాణ్ణి ముందు కలుసుకోవడం మరొక మార్గం. ఇందులో దారి దగ్గర. కాని ఆ చుట్టివచ్చే వ్యవధిలో బంతి నడిపేవాడి ఎదుట ఎవరూ ఉండరు. గురి ఉన్నవాడయితే తెర చాటునే ఆగి షాట్ కొడతాడు. గురి లేనివాడికి మాత్రం ఈ మార్గమే ఉరి. బంతి నడిపేవాడికి దూరపు షాట్ రాదని పసిగట్టిన జట్టు ఆటంతా వెనుకనుండే చుట్టివచ్చి అతడి దారి మూసివేస్తుంది. బాల్ స్క్రీన్ నేర్వబోయే గార్డుకు షాట్ నేర్పడం వేరే పాఠం కాదనడానికి కారణం ఇదే.

మూడవది మార్పిడి. ఇద్దరు డిఫెండర్లూ తాము కాయవలసిన మనుషులను మార్చుకొంటారు. తెరవల్ల పుట్టిన సందు దీనితో పూడిపోతుంది. మరొక కష్టం మొదలవుతుంది. పొట్టివాడు పొడగరిని, పొడగరి చురుకైనవాడిని కాయవలసి వస్తుంది. నాలుగవది ముట్టడి. ఇద్దరూ బంతి నడిపేవాడిమీదికే పోతారు. అతడు కంగారుపడకుండా తెర వేసినవాడికి బంతి అందించగలిగితే, అక్కడినుండి బుట్టవరకు ముగ్గురు డిఫెండర్ల మీద నలుగురు దాడి చేస్తున్న స్థితి ఏర్పడుతుంది. గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టులో స్టీఫెన్ కరీ దూరపు గురికి భయపడి ప్రత్యర్థులు అతణ్ణి ఇలా ముట్టడించేవారు. తెర వేసిన డ్రేమండ్ గ్రీన్ మధ్యలో బంతి అందుకొని, ఆ నలుగురు–ముగ్గురి లెక్కను ఎక్కడ తెగ్గొట్టాలో క్షణంలో తేల్చేవాడు. 2015లో ఆ జట్టు ఛాంపియన్ కావడంలో ఈ చిన్న గణితానికి పెద్ద పాత్ర ఉంది.

పొడగరి డిఫెండర్ అసలు తెర దగ్గరకే రాకుండా బుట్టవద్ద కాచుకొని ఉండడం కూడా ఉన్నది. అప్పుడు మధ్యలో ఖాళీ మిగులుతుంది. దానిని వాడుకొనే ఓపిక గార్డుకు ఉండాలి.

కనుక బాల్ స్క్రీన్‌ను ముందే రాసిపెట్టుకొన్న ఎత్తుగడగా భావించడం పొరపాటు. అది ఎదుటివాడిని ఒక ప్రశ్న అడగడం. జవాబు ఏదైనా సరే, దానికి తగిన తరువాతి మాట సిద్ధంగా ఉంచుకోవడం. స్టాక్టన్, మలోన్‌ల ఆట తెలిసిపోయినా తెల్లబోకపోవడానికి మూలం ఇక్కడే ఉంది. వారు ఏమి చేయబోతున్నారో వారికే ముందుగా తెలియదు. ఎదుటివారు ఏమి చేస్తే తాము ఏమి చేయాలో మాత్రం కంఠోపాఠంగా తెలుసు.

ఆ ఇద్దరి శరీరాలూ ఈ పనికి కొలిచి చేసినట్లుండేవి. స్టాక్టన్ ఎత్తు 6 అడుగుల 1 అంగుళం. ఆ స్థాయి బాస్కెట్‌బాల్‌లో పొట్టివాడి కిందే లెక్క. 1984లో కళాశాల క్రీడాకారులను జట్లు ఎంచుకొనే వరుసలో అతనిది 16వ స్థానం. మరుసటి ఏడాది 13వ స్థానంలో వచ్చిన మలోన్ 6 అడుగుల 9 అంగుళాల దృఢకాయుడు. చేరవేసిన బంతిని తప్పక గమ్యానికి చేరుస్తాడని అతనికి కళాశాల రోజులలోనే ‘మెయిల్‌మ్యాన్’ అన్న పేరు స్థిరపడింది. మన పోస్టుమాన్ అన్నమాట. 1988 డిసెంబరులో ఆ జట్టుకు ముఖ్య శిక్షకుడైన జెర్రీ స్లోన్ 2011 ఫిబ్రవరి వరకు ఆ బాధ్యతలోనే ఉన్నారు. స్లోన్ తాను ఆడిన రోజులలో డిఫెన్సుకు పేరుమోసిన గార్డు. తెర తగిలినప్పుడు కలిగే ఇబ్బంది ఎటువంటిదో అవతలి వైపునుండి అనుభవించినవారు. కొత్త కొత్త ఎత్తుగడలు తెచ్చి కలపడంకన్నా ఉన్నదానిని దోషం లేకుండా చేయించడం ఆయన పద్ధతి. 1994లో గురిగల గార్డు జెఫ్ హోర్నసెక్ వచ్చి చేరాక, అతణ్ణి వదిలి మలోన్‌కు అడ్డుపోవడానికి మూడవ డిఫెండరుకు కూడా ధైర్యం చాలకపోయింది.

19 సీజన్లలో స్టాక్టన్ సహచరులకు అందించిన అసిస్టులు 15,806. ఈ సంఖ్యను ఇప్పటివరకు ఎవరూ దాటలేదు. అంతకన్నా ఆశ్చర్యం కలిగించేది, అన్నేళ్లలోనూ అతడు ఆడలేకపోయిన ఆటలు 22 మాత్రమే కావడం. మలోన్ తన ఆటజీవితంలో సాధించిన 36,928 పాయింట్లు చాలాకాలం చరిత్రలో రెండవ స్థానంలో నిలిచాయి. 2022లో లెబ్రాన్ జేమ్స్ వాటిని అధిగమించాడు. ఇద్దరి గణాంకాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే కాడికి కట్టిన జోడెడ్లు గుర్తుకు వస్తాయి. ఒకదాని అడుగు లేకుండా రెండవదాని అడుగు లేదు. అయినా ఆ జంటకు ఛాంపియన్ కిరీటం దక్కలేదు. 1997లోను, 1998లోను ఫైనల్స్‌లో మైకేల్ జోర్డాన్ ఆడిన షికాగో బుల్స్ చేతిలో యూటా ఓడిపోయింది. ఒక ఎత్తుగడను నిర్దుష్టంగా సాధించినంత మాత్రాన అన్నీ సమకూరవు.

వారి ఆటలో ఎక్కువగా గుర్తుండిపోయిన ఘట్టం 1997 మే 29న హ్యూస్టన్‌లో జరిగింది. హ్యూస్టన్ రాకెట్స్‌తో పశ్చిమ విభాగపు తుది పోరు, ఆరవ ఆట. స్కోరు 100–100. మిగిలిన సమయం 2.8 సెకన్లు. గీత బయటినుండి బంతి విసరవలసినవాడు బ్రయన్ రసెల్. మలోన్ వెళ్లి స్టాక్టన్‌ను కాస్తున్న క్లైడ్ డ్రెక్స్‌లర్‌కు అడ్డుగా నిలిచాడు. స్టాక్టన్ విడిపోయి బంతి అందుకొన్నాడు. ఎదురు పరుగెత్తి వచ్చిన చార్లెస్ బార్క్‌లీ మీదుగా కొట్టిన మూడు పాయింట్ల షాట్ గంట మోగుతుండగా బుట్టలో పడింది. యూటా మొదటిసారి ఫైనల్స్ చేరింది. ఆ రోజున గాలిలోకి ఎగిరి గంతులు వేసిన స్టాక్టన్‌నే కెమెరాలు చూపాయి. మలోన్ వేసిన తెర నియమబద్ధమా, డ్రెక్స్‌లర్‌ను చేతులతో పట్టి ఆపాడా అన్న వాదం మాత్రం ఈనాటికీ ఉంది. ఆ వీడియో చూసినవారికి వాదం నిరాధారమనిపించదు. విజిల్ మోగలేదు, అంతే.

ఇక శిక్షణ విషయం. ఎత్తుగడ మొత్తాన్ని ఐదుగురిచేత ఒక్కసారిగా చేయిస్తే ఎవరి తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు. అందుకే శిక్షకులు దానిని విడగొట్టి, ఎవరి స్థానానికి తగిన అభ్యాసం వారికి ఇస్తారు. బాస్కెట్‌బాల్‌లో ఐదు స్థానాలకు 1 నుండి 5 వరకు అంకెలు వాడుకలో ఉన్నాయి. 1 బంతి నడిపే పాయింట్ గార్డు. 2 షూటింగ్ గార్డు, 3 స్మాల్ ఫార్వర్డ్. వీరు ఎక్కువగా అంచులలో ఉంటారు. 4 పవర్ ఫార్వర్డ్, 5 సెంటర్. తెర వేసే బరువు ముఖ్యంగా వీరిది.

పాయింట్ గార్డు అభ్యాసానికి ఒక కుర్చీ చాలు. కుర్చీని తెరగా భావించి, బంతితో దానివైపు వచ్చే ముందు రెండు అడుగులు అవతలి దిక్కుకు వేయాలి. అలా వేస్తేనే డిఫెండర్ ఆ వైపు వాలుతాడు. వాలినవాడే తెరకు తగులుతాడు. తరువాత బంతిని తక్కువ ఎత్తులో కొడుతూ, కుర్చీ వీపుకు భుజం ఆనేంత దగ్గరగా దాటాలి. ఒక మనిషి దూరగలిగినంత సందు వదిలితే తెర వేసినా వేయనట్లే. కుర్చీ దాటిన తరువాతి అడుగులోనే తల ఎత్తి ఉండాలి. దీనిని పరీక్షించడానికి శిక్షకుడు బుట్టకింద నిలబడి వేళ్లు చూపుతాడు. గార్డు బంతి కొడుతూనే ఆ అంకె పైకి చెప్పాలి. హాస్యంగా తోచే ఈ పద్ధతికి మించిన పరీక్ష లేదు. కళ్లు బంతిమీద ఉన్నవాడు అంకె చెప్పలేడు. ఆ పైన ఇద్దరు డిఫెండర్ల నడుమనుండి ఒంటిచేత్తో నేలకు కొట్టి అందించే పాస్. కుడివైపు ఎన్నిసార్లు చేస్తే ఎడమవైపు అన్నిసార్లూ చేయించాలి. కుడిచేతివాటం గార్డులు ఎడమవైపు అభ్యాసాన్ని వాయిదా వేయడంలో నేర్పరులు.

తెర వేసేవాడి అభ్యాసం ఇంతకన్నా లోతైనది. చాలామంది శిక్షకులు దీనికే తక్కువ సమయం ఇస్తారు. మొదటిది రాక. తెర వేయడానికి నడిచి వచ్చేవాడి వెంట అతని డిఫెండర్ కూడా తీరిగ్గా నడిచి వస్తాడు. తన తోటివాడిని హెచ్చరిస్తాడు కూడా. పరుగున వచ్చినవాడయితే తనవాడిని ఒక అడుగు వెనుక వదిలి వస్తాడు. ఆ అడుగే ఎత్తుగడకంతటికీ మూలధనం. రెండవది ఆగడం. రెండు పాదాలు ఒకేసారి నేలకు తాకేటట్లు, భుజాలకన్నా వెడల్పుగా, మోకాళ్లు వంచి ఆగాలి. చేతులు రొమ్ముకు అడ్డంగా ముడుచుకోవాలి. ఇది నియమానికీ మంచిది, దెబ్బ తగలకుండా ఉండడానికీ మంచిది. మూడవది కోణం. బంతి నడిపేవాడు ఏ దిక్కుకు పోవాలో ఆ దిక్కుకు తెర వేసేవాడి వీపు ఉండాలి. వీపు పక్కగీత వైపుంటే గార్డు అంచుకు పోతాడు. బుట్టవైపుంటే తిన్నగా బుట్టకు పోతాడు. అడుగు వెడల్పు తేడాతో దారి మారిపోతుంది.

నాలుగవది తిరగడం. తాకిడి జరిగిన వెంటనే బుట్టకు దగ్గరగా ఉన్న పాదం మీద పివట్ చేసి, రొమ్ము బంతివైపు తెరుచుకొనేటట్లు తిరగాలి. అప్పుడు డిఫెండర్ వీపు వెనుక చిక్కుపడతాడు. బంతి కనుచూపునుండి తప్పిపోదు. కొత్తగా నేర్చేవారు బంతికి వీపు చూపించి గిర్రున తిరుగుతారు. పాస్ వచ్చి వీపుకు తగులుతుంది. ఐదవది అందుకోవడం. పరుగులో ఉండగానే చేతులు చూపి, రెండు చేతులతో పట్టి, బంతిని గడ్డానికి దిగువకు రానీయకుండా షాట్‌కు పోవాలి. పొడగరి బంతిని నడుముదాకా దించాడంటే పొట్టి డిఫెండరుకు చేతికందించినట్లే. ఈ ఐదింటినీ విడివిడిగా చేయించి తరువాత కలపాలి. ఇవి కుదిరాక ఆరవదొకటి ఉంది. తన డిఫెండర్ తెర పడకముందే ఆత్రంగా బయటికి ఉరికితే, తెర వేయడం మాని అక్కడినుండే బుట్టవైపు జారిపోవడం. ఇది అభ్యాసంతో కన్నా గమనికతో వస్తుంది.

రోల్ అయ్యేవాడిని ఆపడానికి ప్రత్యర్థులకు మిగిలే చివరి మార్గం ఫౌల్ చేయడం. కాబట్టి అతనికి ఫ్రీ త్రో అభ్యాసం తప్పనిసరి. ఇందుకు మలోన్ కథే నిదర్శనం. మొదటి సీజన్‌లో అతడు వేసిన ఫ్రీ త్రోలలో నూటికి 48 మాత్రమే బుట్టలో పడ్డాయి. ఇది ఆ స్థాయిలో సిగ్గుపడదగిన లెక్క. రెండవ సీజన్‌లో నూటికి 60కి చేరువయింది. మూడవ సీజన్‌లో 70. నాలుగవదానిలో 76 దాటింది. ఎత్తూ బలమూ పుట్టుకతో వచ్చినవి కావచ్చు. ఈ 28 మాత్రం గీత దగ్గర నిలబడి సంపాదించుకొన్నవి.

అంచులలో ఉండేవారి అభ్యాసం క్లుప్తంగా చెప్పవచ్చు. వారి డిఫెండర్ రోల్‌కు అడ్డుపోయిన క్షణంలో, గార్డు కంటికి కనిపించే చోటికి రెండడుగులు జరగాలి. బంతి రాకముందే మోకాళ్లు వంచి షాట్‌కు సిద్ధంగా ఉండాలి. బంతి వచ్చాక వంగేవాడికి సమయం మిగలదు.

ముక్కలు నేర్చిన తరువాత కూర్పు. ముందు డిఫెండర్లు లేకుండా ఇద్దరు. తరువాత ఇద్దరిమీద ఇద్దరు. ఆపైన ముగ్గురిమీద ముగ్గురు. చివరికి ఐదుగురిమీద ఐదుగురు. ఇక్కడ శిక్షకులు సాధారణంగా ఒక పొరపాటు చేస్తారు. “ఇప్పుడు డిఫెండర్లు మార్చుకొంటారు, మీరు ఇలా చేయండి” అని బహిరంగంగా చెప్పి చేయిస్తారు. అప్పుడు క్రీడాకారులు జవాబును అభ్యసిస్తారే గాని ప్రశ్నను చదవడం అభ్యసించరు. డిఫెండర్లను పక్కకు పిలిచి చెవిలో చెప్పి పంపడమే సరైన పద్ధతి. దాడి చేసే జంటకు తెర పడేదాకా ఏమి రాబోతుందో తెలియకూడదు. మొదటి వారంలో ఎక్కువభాగం తప్పులే వస్తాయి. ఆ తప్పులకు భయపడి మళ్లీ ముందే చెప్పి చేయించే పద్ధతికి దిగిపోతే, పోటీనాడు ఆ జట్టు నోట మాట రాక నిలబడుతుంది.

స్థానాన్నిబట్టి అభ్యాసం ఇవ్వడంలో ఒక ప్రమాదం కూడా పొంచి ఉంది. పదహారేళ్ల వయసులో అందరికన్నా పొడవుగా ఉన్న విద్యార్థిని ‘నువ్వు బుట్టకింద నిలబడు, తెర వెయ్యి, చాలు’ అని నిర్ణయించడం చాలాచోట్ల కనిపించే అలవాటు. పక్కన పొట్టివాడికి బంతి, పొడుగువాడికి స్తంభం పని. ఆ పైన రెండేళ్లపాటు ఎవరి మూల వారిది. స్థానం అనేది ఆటలో చేయవలసిన పనికి పేరు, మనిషికి కాదు. అమెరికా క్రీడాకారుడు ఆంథనీ డేవిస్ హైస్కూలు రోజులలో గార్డుగా ఆడుతూ ఉండి, కొద్దికాలంలోనే ఏడెనిమిది అంగుళాలు పెరిగి పొడగరుల స్థానంలోకి మారాడు. గార్డుగా నేర్చిన బంతిపని అతణ్ణి తోటి పొడగరులనుండి వేరుచేసి చూపింది. పొట్టివాడని పొరపడి నేర్పిన విద్య పొడగరికి పనికివచ్చిన సందర్భం ఇది. దీనికి ఎదురుదిశలో జరిగే నష్టం లెక్కకు రాదు. నేర్పకపోతే ఏమి పోయిందో ఎవరికీ తెలియదు.

లెక్కకు రానిది మరొకటి కూడా ఉండేది. షాట్ కొట్టినవాడికి పాయింట్లు, పాస్ ఇచ్చినవాడికి అసిస్టు రాస్తారు. తెర వేసి ఆ షాట్‌కు దారి చేసినవాడి పేరుమీద దశాబ్దాలపాటు ఏమీ రాయలేదు. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ 2016 నుండి మాత్రమే ‘స్క్రీన్ అసిస్టు’ అనే లెక్కను ప్రకటించడం ప్రారంభించింది. కాలేజీ జట్లలో ఈ లెక్క రాయడానికి యంత్రాలు అవసరం లేదు. ఆడకుండా కూర్చున్న ఒక విద్యార్థి, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు. తాను వేసిన తెర కాగితంమీద కనిపించినప్పుడు పొడగరి విద్యార్థి పరుగున వచ్చి తెర వేస్తాడు. కనిపించనప్పుడు నడిచి వస్తాడు. ఇది మానవ స్వభావం.

సెర్బియా దేశంలోని సోంబోర్ పట్టణానికి చెందిన నికోలా యోకిచ్‌ను 2014లో డెన్వర్ నగెట్స్ జట్టు 41వ స్థానంలో ఎంచుకొంది. ఎత్తు 6 అడుగుల 11 అంగుళాలు, స్థానం సెంటర్. అయినా అతడు గార్డులా చూస్తాడు, గార్డులా పాస్ చేస్తాడు. 2021, 2022, 2024 సంవత్సరాలలో లీగ్‌లో అత్యంత విలువైన క్రీడాకారునిగా ఎంపికయ్యాడు; 2023లో డెన్వర్‌ను ఛాంపియన్‌గా నిలిపాడు. ఆ జట్టు అప్పుడప్పుడు ఎత్తుగడను తలకిందులు చేస్తుంది. బంతి యోకిచ్ చేతికి వస్తుంది. గార్డు జమాల్ మర్రీ పరుగున వచ్చి తనకన్నా ఏడు అంగుళాలు పొడవైనవాడి కోసం తెర వేస్తాడు. పొడగరి డిఫెండరుకు తెర తప్పించుకొని వెంటపడే అలవాటు లేదు. పొట్టి డిఫెండరుకు బుట్టవద్ద నిలబడి కాచే అలవాటు లేదు. వారానికొకసారి పది నిమిషాలు కాలేజీ మైదానంలో కూడా ఇలాగే చేయించవచ్చు: సెంటర్ చేతికి బంతి ఇచ్చి, గార్డును తెర వేయమనాలి. తాకిడి తగిలిన గార్డు మరునాటినుండి తెర కుదురుకొనేదాకా ఆగడం మొదలుపెడతాడు.